అమీర్‌పేటకు ఒక్కపొద్దు

ప్రార్థన సగంలో ఉండగా మంజుశ్రీ పడిపోయింది.

కేక లేదు, తూలడం లేదు. ముందు వరసలో చేతులు కట్టుకుని నిలబడ్డ పిల్ల, తీగ మీంచి ఆరేసిన గుడ్డ జారినట్టు జారి, మట్టిలో కూర్చుండిపోయి, నెమ్మదిగా పక్కకు ఒరిగింది. వెనకున్న పిల్లలు పాట ఆపలేదు. ఆపితే హెడ్మాస్టరు మొదటి నుంచీ పాడిస్తారు. అందుకని పాడుతూనే మెడలు సాచి చూశారు.

నేను పరుగెత్తి తల ఒళ్ళో పెట్టుకున్నాను. ఆరో తరగతి పిల్ల. చెయ్యి పట్టుకుంటే పుల్లలా ఉంది.

"పొద్దున ఏం తిన్నావమ్మా?"

"ఒక్కపొద్దు టీచర్" అంది, కళ్ళు తెరవకుండానే.

ఆ రోజు శనివారం. ఆ మాట మా హెడ్మాస్టరు ఫణీంద్ర గారి చెవిన పడింది. రాజమండ్రి వైపు నుంచి ఎప్పుడో వచ్చి ఇక్కడ స్థిరపడ్డ మనిషి. శనివారాలు తనూ ఒక్క పూటే తింటారు. ఆయన ముఖం వెలిగిపోయింది. మైకు అందుకున్నారు.

"చూశారా పిల్లలూ! ఇంత చిన్న వయసులో స్వామికి ఒక్కపొద్దు ఉంటోంది మన మంజుశ్రీ. రోజంతా ఒక్క పూట తిని దేవుణ్ణి తలుచుకోవడం ఎంతమందికి చేతనవుతుంది? భక్తి అంటే అదీ. కొట్టండి చప్పట్లు!"

బడంతా చప్పట్లు కొట్టింది. పిల్ల నా ఒళ్ళో అలాగే పడి ఉంది.

ఇది చదివేవాళ్ళలో హాస్టల్ గదుల్లో పరీక్షలకు చదువుకునేవాళ్ళున్నారు, ఆ హాస్టళ్ళ వంటగదుల్లో పనిచేసేవాళ్ళూ ఉన్నారు. మీ ఇద్దరికీ ఈ సంగతి ఆ చప్పట్ల దగ్గర నుంచే చెప్పాలి. ఆకలిని చూసి చప్పట్లు కొట్టించడం ఒక్క మా బడిలోనే జరగడం లేదు కనుక.

సోమవారం ఏడో తరగతిలో సగంమంది ఒక్కపొద్దు ఉన్నామన్నారు. మంగళవారానికి అది చిన్న తరగతులకు పాకింది. ఫణీంద్ర గారికి అప్పుడు అనుమానం వచ్చింది.

"ఏ దేవుడికిరా?" అని ఒకణ్ణి నిలదీశారు.

"అందరు దేవుళ్ళకు సార్" అన్నాడు వాడు.

మా బడి పంజాగుట్టలో, ఎర్రమంజిల్ వైపు ఎక్కే సందులో ఉంది. పొద్దుటి టిఫిన్ పథకం మాకు లేక కాదు. బళ్ళు తెరిచిన జూన్‌లోనే రంగు కాగితాలు కట్టి మొదలుపెట్టారు. గోడ మీద 'అల్పాహారం' అని నా అంత ఎత్తు అక్షరాలు రాయించారు. పక్కన ఇడ్లీల బొమ్మ, ఇడ్లీల మీంచి లేస్తున్న పొగలు. ఆ పొగలు గోడ మీదే. కాంట్రాక్టరు వ్యాను ప్రార్థన అయిపోయి, మొదటి పీరియడు కూడా గడిచాక వచ్చేది. మూత తీస్తే చల్లారి గడ్డకట్టిన ఉప్మా. గరిటెతో కాదు, కత్తితో కోయాలి. అప్పటికి పిల్లల ఆకలి చచ్చిపోయి తలనొప్పి మిగిలేది. చిన్నవాళ్ళు తినేవాళ్ళు. పెద్దవాళ్ళు ప్లేటు కడిగి పెట్టేసేవాళ్ళు.

నేనక్కడ విద్యా వాలంటీరును. శ్రావణంలో పెళ్ళయింది. మా ఆయన రవికాంత్ ఒక ల్యాబులో రక్తపరీక్షలు చేస్తాడు. అమీర్‌పేటలో ఒక్క గది తీసుకున్నాం. ఒక కుక్కరు, రెండు గాజు గ్లాసులు, కిటికీలో మల్లె కుండీ. ఇంత చిన్న గదిలో ఇంత సంతోషం ఎలా పడుతోందో అని నాకు రోజూ ఆశ్చర్యమే. కిటికీ ఎదురుగా ఒక హాస్టల్ వంటగది వెనక వాకిలి. చీకటి విడవకముందే అక్కడ పోపు చిటపటలాడేది. "ఆవాలు పేలాయి, లెగు" అని రవికాంత్ నన్ను లేపేవాడు. మాకు అలారం అక్కర్లేదు.

ఆ పోపు పెట్టే చేతులు ఎవరివో బుధవారం తెలిసింది. ఆ రోజు మంజుశ్రీకి మళ్ళీ కళ్ళు తిరిగాయి. ఇంట్లో ఎవరూ ఉండరంది. అమ్మ బంజారా హిల్స్‌లో ఇళ్ళల్లో పనికి పోతుంది. అమ్మమ్మ హాస్టల్‌లో వంట చేస్తుంది. బడి వదిలాక చెయ్యి పట్టుకుని తీసుకువెళితే, పిల్ల నన్ను మా కిటికీ ఎదుటి వాకిలికే తీసుకొచ్చింది.

అమ్మమ్మ పేరు లచ్చవ్వ. సిరిసిల్లలో మగ్గాలు ఆగిపోయాక బోరబండ బస్తీకి వచ్చి పడ్డ మనిషి. పొద్దున మొదటి బస్సు పట్టుకుని వచ్చి రాత్రి వంట సర్దితేగాని కదలడానికి లేదు. నన్ను చూసి చేతులు కొంగుకు తుడుచుకుంది.

"ఏమైంది టీచరమ్మా? పోరి ఏమన్న తప్పు చేసిందా?"

"కళ్ళు తిరిగి పడిపోతోంది లచ్చవ్వా. చిన్నపిల్ల చేత ఒక్కపొద్దులేంటి?"

ఆమె తల దించుకుంది.

"ఒక్కపొద్దు లేదు, ఏం లేదు. నేనే నేర్పిన. ఎవలన్న అడిగితే తినలేదనకు, ఒక్కపొద్దను అని. మేం ఇంట్లకెల్లి ఎల్లేటప్పటికి కోడి సుత కూయదు. పొయ్యి ముట్టించుడు యాడిది? తినలేదంటే ఇజ్జత్ పోతది. ఒక్కపొద్దంటే ఎవలేమంటరు?"

"ఏమీ అనలేదు. చప్పట్లు కొట్టారు."

పక్కన గిన్నెలు తోముతున్న మంగవ్వ గట్టిగా నవ్వింది. ఆమె ఉండేదీ లచ్చవ్వ వాడలోనే. ఇద్దరు పిల్లలు మా బడిలోనే. నోరు చురుకు. "మరి బడిల టిఫిన్ వస్తది గదనే? గది సుత తినవా?" అని పిల్లనడిగింది.

"ఇయ్యాల మొత్తం మాడు కంపు అత్తా. నల్ల నల్ల పెచ్చులు."

మంగవ్వ చేతిలో పీచు ఆగిపోయింది. "ఏం పెట్టిన్రే ఇయ్యాల?"

"ఉప్మా. ఉల్లిగడ్డ పెద్దగ కోసి ఉండె. పల్లీలు లెవ్వు."

లచ్చవ్వ మంగవ్వ ముఖం చూసింది. ఆ పొద్దున బర్నరు మర తిప్పినా మంట తగ్గక, పెద్ద గిన్నె ఉప్మా అడుగంటింది. హాస్టల్ పిల్లలు వదిలేశారు. ఓనరు వచ్చి లచ్చవ్వను అందరి ముందూ తిట్టాడు. మిగిలింది వ్యాన్‌లోకి ఎక్కించారు. పల్లీలు అయిపోయి వెయ్యలేదు. ఉల్లిపాయలు తొందరలో పెద్దగా కోసింది మంగవ్వ.

"మనదే" అంది మంగవ్వ.

"మిగిలింది గోశాలకు పోతదన్నరు గదనే" అంది లచ్చవ్వ.

"పోయింది. మన పోరలే ఆవులు."

మంగవ్వ కుళాయి కట్టేసింది. మళ్ళీ అంది: "గందుకే బండి లేటు. హాస్టల్ పోరలు తిని మూతి తుడుచుకునేదాక మన పోరలు ఎండల నిలబడి పాట పాడాలె."

లచ్చవ్వ ఏడవలేదు. నిలబడ్డ చోటే మెట్టు మీద కూర్చుంది. రోజంతా నిలబడి నిలబడి ఆమె పాదాలు ఉబ్బి ఉన్నాయి. "నా చేతిల మాడింది నా మన్మరాలే తిన్నది" అని మాత్రం అంది.

హాస్టల్ ఓనరు పేరు హనుమత్ప్రసాద్. ఆ సందులో హాస్టళ్ళలో చాలావాటికి ఆయనే యజమాని. మా బడికి, చుట్టుపక్కల బళ్ళకు టిఫిన్ కాంట్రాక్టూ ఆయనదే. మర్నాడు పనివాళ్ళంతా కలిసి ఆయన దగ్గరికి వెళ్ళారు. ఆయన కౌంటరు మీద పటానికి అగరొత్తులు వెలిగించి, కళ్ళకద్దుకుని తిరిగాడు. మనిషి సౌమ్యంగా మాట్లాడతాడు.

"ఏంటమ్మా పొద్దున్నే గుంపుగా? మిగిలింది పారేస్తే పాపం కదా. పిల్లల నోట్లోకి పోతే పుణ్యం. నేను చేసింది పుణ్యమేగా?"

"మిగలకముందే పెట్టున్రి సార్" అంది మంగవ్వ. "బడికాడ పగటి అన్నం వండే అర్ర ఉన్నది, పొయ్యి ఉన్నది. పొద్దున ఖాళీగనే ఉంటది. గంట కొట్టకముందు గాడ వేడిగ వండేటోళ్ళను పెట్టున్రి. మా వాడలనే ఉన్నరు."

"కాంట్రాక్టు నాదమ్మా, వాడది కాదు. అయినా గోడ మీద ఏం రాశారు? అల్పాహారం. అల్పం అని వాళ్ళే రాశారు. నేను అంతకన్నా ఎక్కువే పెడుతున్నా." తన మాటకు తనే నవ్వుకున్నాడు. ఎవరూ నవ్వకపోయేసరికి గొంతు మారింది. "ఇష్టం లేనివాళ్ళు రేపట్నుంచి రాకండి. బోరబండలో చేతులకు కరువా?"

వాళ్ళు తిరిగి వంటగదిలోకి వెళ్ళారు. మధ్యాహ్నానికి అన్నం ఉడకాలి కదా.

మీటింగు మా గదిలో పెట్టాం. వేరే చోటు లేదు. మధ్యాహ్నం గిన్నెలు తోమాక, సాయంత్రం పొయ్యి వెలిగించే లోపు దొరికే కాస్త వ్యవధిలో సందులోని హాస్టళ్ళన్నిటి నుంచీ ఆడవాళ్ళు వచ్చారు. రోడ్డు మీద ఇడ్లీ బండ్లు పెట్టుకునే వాళ్ళూ వచ్చారు. వాళ్ళూ బోరబండ వాళ్ళే. గది నిండి, మంచం నిండి, మెట్ల మీద కూడా కూర్చున్నారు. రవికాంత్ కుక్కరులో చాయ్ కాచి, ఉన్న రెండు గ్లాసులూ కడిగి కడిగి ఇస్తున్నాడు. మధ్యలో నన్ను చూసి కన్నుకొట్టాడు. నాకు నవ్వొచ్చింది. అంత బరువైన రోజున కూడా వచ్చింది.

మాట్లాడటానికి అనుదీప్‌ను పిలిచాం. ఆ హాస్టల్‌లోనే ఉంటాడు. ఎన్నేళ్ళుగానో ఉద్యోగ పరీక్షలు రాస్తున్న, యూనివర్సిటీలో ఉన్నప్పుడు విద్యార్థి సంఘంలో తిరిగిన కరీంనగర్ కుర్రాడు. మాడిన ఉప్మా సంగతి చెప్పగానే తనే వస్తానన్నాడు. లేచి నిలబడి, దోపిడీ గురించీ శ్రమశక్తి గురించీ చక్కగా మొదలుపెట్టాడు. నాకు బాగుంది. కానీ కాసేపటికి గదిలో గురక వినిపించింది. చూస్తే సగంమంది నిద్రపోయారు. ఒకరి భుజం మీద ఒకరు, గోడకు ఆనుకుని, మా పెళ్ళి పరుపు మీద అడ్డదిడ్డంగా. తడిసి తడిసి ముడతలు పడ్డ వేళ్ళు ఒళ్ళో పెట్టుకుని.

అనుదీప్ ఆగిపోయాడు. లచ్చవ్వ చెయ్యి ఊపింది.

"పండుకోనీ బిడ్డా. గా ముచ్చట మాకు తెలుసు, రోజూ అనుభవించుడే గదా. ఏం జేయాలె, గది చెప్పు."

"సమ్మె చేయాలె అవ్వా. పొయ్యిలు బంద్ పెట్టాలె."

నిద్రపోతున్న వాళ్ళలో కొందరికి ఆ మాటతో మెలకువ వచ్చింది. "సమ్మె అంటే రేపే వేరేటోళ్ళను తెచ్చుకుంటడు" అంది ఒకామె. "పోలీసులను పిలుస్తడు" అంది ఇంకొకామె. "నా కొడుకు ఫీజు కట్టాలె, నాతోని కాదు" అని మెట్ల మీంచి ఒకరన్నారు. వాదన పెరిగింది. ఎవరి భయం వాళ్ళది. ఏ ఒక్కటీ ఉత్తి భయం కాదు.

మంగవ్వ చాయ్ గ్లాసు కింద పెట్టింది. "సమ్మె అనకున్రి. ఒక్కపొద్దనున్రి. సమ్మె అంటే పోలీసోళ్ళు వస్తరు. ఒక్కపొద్దంటే ఓనరే కొబ్బరికాయ ఇస్తడు."

గది ఒక్కసారి నవ్వింది. మంగవ్వ నవ్వలేదు.

"నేను పరాచకమాడ్తలేను. శనివారం నాడు మనమందరం ఒక్కపొద్దు. పొయ్యి ముట్టం, ఎంగిలి ముట్టం. ఎందుకని అడిగితే మొక్కున్నది అందాం. బడిల మా పోరలకు పొయ్యి వెలిగేదాక మొక్కు. భక్తి వద్దంటడా ఆయన? రోజుకు గన్ని అగరొత్తులు కాలుస్తడు!"

"దేవుని పేరు మీద అబద్ధమాడుడా?" అంది లచ్చవ్వ.

"పోరికి నేర్పినప్పుడు దేవుడు యాదికి రాలేదా?"

ఆ మాట గట్టిగా తగిలింది. అందరూ లచ్చవ్వ వైపు చూశారు. ఆమె కొంగు కొన వేలికి చుట్టుకుంది.

"అయితే అబద్ధం ఎందుకు?" అంది. "నిజంగనే ఉందాం. పోరలు తినేదాక మనం సుత మెతుకు ముట్టొద్దు. అప్పుడు అది మొక్కే అయితది."

ఒప్పుకోని వాళ్ళు ఇద్దరు ముగ్గురు లేచి వెళ్ళిపోయారు. మిగతావాళ్ళు చేతులెత్తారు. నిద్రపోతున్న వాళ్ళ చేతులు పక్కవాళ్ళు ఎత్తారు.

శనివారం పొద్దున మాకు ఆవాలు పేలలేదు. నిశ్శబ్దానికి మెలకువ వచ్చింది.

హనుమత్ప్రసాద్ ముందు నిజంగానే సంతోషించాడు. లచ్చవ్వ "ఒక్కపొద్దు సార్, పొయ్యి ముట్టను" అనగానే "మంచిదమ్మా, స్వామి చల్లగా చూస్తాడు" అని పటం ముందున్న కొబ్బరికాయ తీసి చేతిలో పెట్టాడు. రెండో హాస్టల్ నుంచి ఫోను వచ్చింది. మూడోది వచ్చింది. అప్పుడు బయటికొచ్చి సందు ఈ చివర నుంచి ఆ చివరకు చూశాడు. ఎక్కడా ఆవిరి లేదు. ఇడ్లీ బండ్ల మీద పట్టాలు కప్పి ఉన్నాయి. బండ్ల ముందు ఆడవాళ్ళు వరసగా నేల మీద కూర్చుని ఉన్నారు. పెద్ద రోడ్డు మీద మెట్రో స్తంభాల కింద కూడా అంతే. అమీర్‌పేటకు అమీర్‌పేటే ఒక్కపొద్దు ఉంది.

కోచింగు క్లాసులకు పోయే కుర్రాళ్ళు పుస్తకాలతో దిగి ఖాళీ గిన్నెలు చూసి గోల మొదలుపెట్టారు.

"ఏందిది? నెలనెలా పైసలు కడ్తలేమా? మాకు టెస్ట్ ఉన్నది!"

"ఆకలైతుందా బాబూ?" అంది మంగవ్వ. "జర నీళ్ళు తాగు. మేం మా పోరలకు గదే చెప్తం."

"మీ పోరలకు, మాకు ఏం సంబంధం అక్కా?"

"ఉన్నది. మీరు వదిలిపెట్టిందే వాళ్ళు తింటరు. మీరు తిని లేచేదాక వాళ్ళు ఆగుతరు. బుధవారం ఉప్మా మాడిందని ఎవలు గిన్నె నూకేసిన్రు? గది యాడికి పోయిందో ఎరుకనా?"

చెప్పింది. కుర్రాళ్ళు నమ్మలేదు. అనుదీప్ మెట్టెక్కి "నిజం భాయ్" అన్నాడు. ఈసారి శ్రమశక్తి గురించి మాట్లాడలేదు. "మనం నూకేసింది వ్యాన్‌ల ఎక్కి చిన్న పిల్లల బడికి పోయింది. నీ తమ్ముడు గా బడిల ఉంటే ఏం జేస్తవ్?" అని అడిగాడంతే. "రాజకీయం మొదలైంది" అని గొణుగుతూ కొందరు బేకరీ వెతుక్కుంటూ పోయారు. ఒక సన్నటి కుర్రాడు మాత్రం కదలక నిలబడి, "మా అమ్మ సుత మెస్‌ల చేస్తది, వరంగల్‌ల" అన్నాడు ఎవరికీ వినపడనట్టుగా. విన్నారు. అతని చుట్టూ కొంచెం కొంచెంగా గుంపు చేరింది.

"ఏం జేద్దాం అవ్వా?" అన్నాడు అనుదీప్.

లచ్చవ్వ మోకాళ్ళ మీద చేతులు వేసి లేచింది. "ఏముంది, వండుదాం. హాస్టల్‌ల కాదు. నడువున్రి."

పంజాగుట్ట దాకా మెట్రో నీడలో నడిచాం. ఊరేగింపులా లేదు. షిఫ్టు దిగి ఇంటికి పోతున్న జనంలా ఉంది, అంత మెల్లగా, అంత అలసటగా. దారిలో కిరాణా షాపుల ముందు కుర్రాళ్ళు ఆగి రవ్వ, నూనె, పల్లీలు తీసుకున్నారు. ఆడవాళ్ళు కొంగుల్లో ఉప్పు, మిరపకాయలు ముడేసుకుని వచ్చారు. "గంటకు ముందు, పొయ్యి మీంచి!" అని ఎవరో అన్నారు. నినాదం బాగానే ఉంది కానీ అరిచే ఓపిక తక్కువమందికి ఉంది. మిగతావాళ్ళు గొణిగారు. అంతమంది గొణిగితే అదీ పెద్ద చప్పుడే.

బడి గేటు దగ్గర ఫణీంద్ర గారు అడ్డంగా నిలబడ్డారు. చెమటలు పట్టి ఉన్నాయి. నన్ను పక్కకు పిలిచారు.

"హైందవీ, ఏంటమ్మా ఇది? వంటగది తాళం ఇవ్వలేను. పైనుంచి ఆర్డరు కావాలి. నాకు రిటైర్మెంటు దగ్గర పడింది. నీ ఉద్యోగం సంగతి చూసుకో, వాలంటీరువి."

"తాళం మీ దగ్గరే ఉంచుకోండి సార్. పిల్లల్ని చూడండి చాలు."

లచ్చవ్వ ఆయనతో మాట్లాడనే లేదు. ఆవరణలో పిల్లలకు దూరంగా గోడవారన ఇటుకలు పేర్చింది. కట్టెలు లేవు. గేటు బయట చినిగిన కోచింగు ఫ్లెక్సీలు పడి ఉన్నాయి, పోయిన ఏడాది ర్యాంకర్ల ముఖాలతో. కుర్రాళ్ళు ఆ చెక్క ఫ్రేములు విరిచి పట్టుకొచ్చారు. "నా ర్యాంకు ఎట్లైనా రాదు, గిదన్న కాలనీ" అని ఒకడంటే అందరూ నవ్వారు. హాస్టల్ నుంచి మోసుకొచ్చిన పెద్ద గిన్నె ఎక్కింది. నూనె కాగింది. ఆవాలు పేలాయి. హనుమత్ప్రసాద్ ఇచ్చిన కొబ్బరికాయను మంగవ్వ మెట్టుకు కొట్టి పచ్చడి చేసింది.

పిల్లలు ఒకరొకరే వచ్చారు. గేటు దగ్గరే వాసన పట్టేసి పరుగు పెట్టారు. నేను ప్లేట్లు అందించాను. వేడికి వేళ్ళు మార్చుకుంటూ, ఊదుకుంటూ, నోట్లో పెట్టుకుని హా హా అని ఆవిరి వదులుతూ తిన్నారు. మంజుశ్రీ రెండోసారి ప్లేటు పట్టుకొచ్చింది. దాని గడ్డం మీద ఒక పల్లీ బద్ద అంటుకుని ఉంది. తుడవబుద్ధి కాలేదు నాకు. అంత బాగుంది ముఖం.

అటెండరు గంట కొట్టే ఇనుప కడ్డీ తీసుకుని హెడ్మాస్టరు వైపు చూశాడు. వేళయింది. ఫణీంద్ర గారు ఆ కడ్డీ తన చేతిలోకి తీసుకున్నారు. చిన్న తరగతుల పిల్లలు ఇంకా వరసలో ఉన్నారు. ఆయన కడ్డీ వైపు చూశారు, వరస వైపు చూశారు. మెట్టు మీద కూర్చుని కడ్డీ ఒళ్ళో పెట్టుకున్నారు.

పోలీసు జీపు, వ్యాను వచ్చాయి అప్పుడే. వాటి వెనక హనుమత్ప్రసాద్ టిఫిన్ వ్యాను.

"బడిలో నిప్పు పెట్టారు సార్, పిల్లల ప్రాణాలతో చెలగాటం. ఆ తిండికి ఎవరు పూచీ?" అన్నాడాయన.

"ఎవలు ముట్టించిన్రు పొయ్యి?" అన్నాడు సీఐ.

"నేను" అంది లచ్చవ్వ. "నేను సుత" అంది మంగవ్వ. ఇంకా చాలా గొంతులు లేచాయి. సీఐ విసుగ్గా చూసి, గరిటె పట్టుకుని ఉన్న లచ్చవ్వను చూపించాడు. ఇద్దరు కానిస్టేబుళ్ళు ఆమె చేతులు పట్టుకున్నారు. గిన్నెలో రెండో వాయి రవ్వ అప్పుడే పోసి ఉంది.

"ఆగున్రి సార్, మాడుతది" అంది లచ్చవ్వ.

ఆగలేదు. ఆమె గరిటె వదిలింది. అది కింద పడకముందే మంగవ్వ అందుకుని కలిపింది. మంగవ్వను తీసుకెళ్ళారు. ఇంకొకామె వచ్చి కలిపింది. ఆమెనూ తీసుకెళ్ళారు. తర్వాత ఇడ్లీ బండి ఆమె, ఆ తర్వాత అనుదీప్, తర్వాత వరంగల్ కుర్రాడు. అతనికి కలపడం రాదు, చుట్టూ చిందించాడు, కానీ ఆపలేదు. వ్యాను నిండిపోయింది. ఇంకో వ్యాను పిలవాలని కానిస్టేబులు వైర్‌లెస్‌లో చెబుతుంటే, ఒక ఆరో తరగతి పిల్ల తల్లి తొణక్కుండా వచ్చి గరిటె పట్టుకుంది. చివరి పిల్లాడి ప్లేటులో ఉప్మా పడ్డాక ఫణీంద్ర గారు లేచి గంట కొట్టారు.

మధ్యాహ్నం నేను, రవికాంత్ స్టేషన్‌కు వెళ్ళాం. లోపల వరండాలో ఆడవాళ్ళంతా వరసగా పడుకుని నిద్రపోతున్నారు. చేతులు తలకింద, నోళ్ళు తెరుచుకుని. పగటిపూట అలా కాళ్ళు చాపి పడుకోవడం వాళ్ళలో ఎవరికీ ఈ మధ్య జరిగినట్టు లేదు. మొక్కు తీరిందిగా, పిల్లలు తిన్నాక తామూ తిందామనుకున్నారట. టిఫిన్ తెమ్మని సీఐ పంపిన కానిస్టేబులు ఖాళీ చేతుల్తో వచ్చాడు. పంజాగుట్ట చౌరస్తా దాకా తిరిగినా బండి లేదన్నాడు. ఆయనా ఆకలితోనే ఉన్నాడు.

సీఐ తొందరగా వదిలించుకోవాలని చూస్తున్నాడు. ఫోన్లు వస్తున్నాయి. బయట హాస్టళ్ళ కుర్రాళ్ళు రోడ్డు మీద కూర్చున్నారు.

"లేవమ్మా, సంతకం పెట్టున్రి, ఇండ్లకు పోన్రి. మల్ల గట్ల చేయమని రాయున్రి."

లచ్చవ్వ కళ్ళు తెరిచింది, లేవలేదు.

"గట్ల రాయం సార్. సోమారం పొద్దుగాల మల్ల పొయ్యి పెడ్తం. మీరు మల్ల తోలుకొస్తరు. ఊకె డీజిల్ ఎందుకు దండుగ? గీడనే పండుకుంటం."

అటు తిరిగి పడుకుంది. సీఐ టోపీ తీసి టేబుల్ మీద పెట్టాడు.

నేను వరండా ఊచల పక్కగా మంగవ్వ దగ్గర కూర్చున్నాను. బయట జనం వంతులు వేసుకుంటున్నారని చెప్పాను. వీళ్ళను వదలకపోతే సోమవారం ఎవరు, మంగళవారం ఎవరు అని.

"సోమారం ఎవలు?" అంది మంగవ్వ, కళ్ళు మూసుకునే.

"నేను."

"రవ్వ ఏంచుడు వస్తదా?"

"సరిగ్గా రాదు. ఇంట్లో ఆయనే చేస్తాడు."

రవికాంత్ తల ఊపాడు. మంగవ్వ ఒక కన్ను తెరిచి మా ఇద్దర్నీ చూసి నవ్వింది. తర్వాత నిద్రలోకి జారుతూ అంది:

"గరిటె ఆపకు టీచరమ్మా. గంతే."